రాజీనామా పెట్టే ముందు: నల్గొండ, పాలమూరు నౌకరీదారులకు ఒక సమగ్ర మార్గదర్శి

ఉద్యోగం మానేయాలా వద్దా అని అడిగేవాళ్ళలో సగం మంది మనసులో ఎప్పుడో మానేసి ఉంటారు. మిగతా సగం మంది ఎవరో ఒకరు "వద్దురా" అంటే బాగుండని చూస్తుంటారు. ఇద్దరూ చేయని పని ఒకటుంది. కాగితం మీద లెక్క వేయరు.

కాలం కూడా బాగోలేదు. 2025 జులైలో టీసీఎస్ తన ఉద్యోగుల్లో దాదాపు 2 శాతం మందిని, అంటే 12 వేల మందికి పైగా, తగ్గించుకుంటానని ప్రకటించింది. ఒకసారి చేరితే రిటైరయ్యేదాకా ఢోకా లేదని మనవాళ్ళు నమ్మిన కంపెనీ అది. నల్గొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, నాగర్‌కర్నూల్ పిల్లలు చదువు కాగానే ఎక్కేది హైదరాబాద్ బస్సే. అక్కడ ఖాళీలు తగ్గితే ఆ సెగ ఇక్కడి ఇళ్ళకు తగలడానికి ఎంతో సమయం పట్టదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇలాంటి రోజుల్లో ఇంకో ఆఫర్ చేతిలో లేకుండా మానొద్దు. కొన్ని సందర్భాల్లో మాత్రం అసలు ఆగొద్దు, అవేంటో రెండో అడుగులో ఉన్నాయి. ఈ రెంటికీ మధ్యలో ఉన్నవాళ్ళే ఎక్కువ. వాళ్ళకు తేదీ పెట్టుకుని ఉండటమనే దారి ఒకటుంది. మిగతా అడుగులన్నీ ఆ తేదీ ఎట్లా పెట్టుకోవాలో తేల్చడానికే.

మొదటి అడుగు: ఏది నచ్చట్లేదో విడదీయండి

జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో పనిచేసే ఒక కెమిస్ట్‌ని ఊహించుకోండి. మహబూబ్‌నగర్‌లో ఉంటాడు. మొదటి షిఫ్ట్ ఉన్న వారం తెల్లారకముందే లేచి, టిఫిన్ డబ్బా పట్టుకుని రోడ్డు మీద కంపెనీ బస్సు కోసం నిలబడాలి. బ్యాచ్ రికార్డులో ఒక్క సంతకం తప్పినా సూపర్‌వైజర్ అందరి ముందూ లొల్లి పెడతాడు. వారం మారితే నైట్ షిఫ్ట్, పగలు ఇంట్లో నిద్ర పట్టదు. "నాకు ఈ ఫార్మా ఫీల్డే వద్దు, అమీర్‌పేటలో ఏదైనా కోర్సు చేసి సాఫ్ట్‌వేర్‌లోకి పోతా" అంటున్నాడు.

ఇతన్ని రెండు వారాల పాటు రోజూ రాత్రి ఫోన్‌లో రెండు లైన్లు రాయమనండి. ఈ రోజు ఏ గంటలో చిరాకు వేసింది? ఎవరి వల్ల, ఏ పని వల్ల? రాస్తే బయటపడేది బహుశా ఇట్లా ఉంటుంది: ల్యాబ్‌లో హెచ్‌పీఎల్‌సీ (మందుల నాణ్యత పరీక్షించే యంత్రం) మీద ఒక్కడే పనిచేసుకున్న రోజుల్లో ఒక్క ఫిర్యాదూ లేదు. చిరాకంతా నైట్ షిఫ్ట్‌దీ, ఆ ఒక్క సూపర్‌వైజర్‌దీ. అంటే ఇతనికి కావాల్సింది ఇంకో కంపెనీలో జనరల్ షిఫ్ట్ ఉన్న క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగం. ఫీల్డు మార్చుకుంటే సంపాదించిన అనుభవమంతా పక్కన పెట్టి, ఫ్రెషర్లకే ఉద్యోగాలు దొరకని చోట ఫ్రెషర్‌గా నిలబడాలి.

రాసినదాన్ని నాలుగు కుప్పలు చేయండి: మనిషి, పని, పైసలు, దూరం. మనిషి వల్ల అయితే ముందు టీమ్ మార్పు అడగండి. మేనేజర్లు కూడా ఉద్యోగాలు మారుతుంటారు, మీకంటే ముందు ఆయనే వెళ్ళిపోవచ్చు. పైసలైతే ఉన్నచోట పెద్దగా పెరగవు, వేరే ఆఫర్‌తోనే పెరుగుతాయి. దూరమైతే గది మార్చడమో షిఫ్ట్ మార్చడమో సరిపోతుందేమో చూడండి. అసలు పనే నచ్చకపోతేనే చిక్కు, ఎందుకంటే అది కంపెనీ మారినా మీ వెంటే వస్తుంది.

హైక్ లెటర్ వచ్చిన వారంలో రాసినవి మాత్రం లెక్కలోకి తీసుకోకండి. ఆ వారం అందరికీ ఉద్యోగం నచ్చదు.

రెండో అడుగు: ఆగకూడని సందర్భాలు

దొంగ బిల్లుల మీద, లేని ఖాతాదారుల పేర్ల మీద, చూడని స్టాక్ మీద సంతకం పెట్టమంటుంటే ఆగకండి. కేసు వచ్చిన రోజు మేనేజర్ ఉండడు, కాగితం మీద మీ సంతకం ఉంటుంది. రక్షణ పరికరాలు ఇవ్వకుండా రసాయనాల మధ్య, బాయిలర్ల దగ్గర పని చేయిస్తుంటే ఆగకండి. జీతం రెండు నెలలుగా పడకపోతే మూడో నెల పడుతుందన్న మాట నమ్మకండి. పే స్లిప్‌లో పీఎఫ్ కోసి, పాస్‌బుక్‌లో జమ చేయకపోవడం కూడా ఇలాంటిదే. యూఏఎన్ (మీ పీఎఫ్ నంబర్) పోర్టల్‌లో ఈ రాత్రికే చూసుకోండి.

లైంగిక వేధింపులైతే ఉద్యోగం వదిలేయడం ఒక్కటే దారి కాదు. 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకంటే ఎక్కువ మంది ఉన్న ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న సంస్థ అయితే, లేదా యజమాని మీదే ఫిర్యాదైతే, జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. ఘటన జరిగిన మూడు నెలల లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. మానేశాక ఇద్దాంలే అనుకుంటే ఆ గడువు దాటిపోతుంది.

ఆరోగ్యం పాడైతే రాజీనామా కంటే ముందు సెలవు వాడండి. ఈఎస్ఐ ఉన్నవాళ్ళకు, అంటే నెల వేతనం 21 వేల లోపు ఉన్నవాళ్ళకు, చందా షరతులు పూర్తయితే డాక్టర్ సర్టిఫికెట్ మీద ఏడాదిలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం వస్తుంది. చాలామందికి ఈ సంగతి తెలియక మంచాన పడి రాజీనామా పెడతారు. నిద్ర పట్టక, ఆఫీసు పేరు వింటేనే గుండె దడదడలాడే స్థితి వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, పైసలు అడగరు.

గర్భంతో ఉన్నవాళ్ళు తొందరపడొద్దు. ప్రసవ తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే 26 వారాల వేతనంతో కూడిన సెలవు మీ హక్కు. మొదటి ఇద్దరు పిల్లల దాకా ఇంతే. మేనేజర్ ముఖం చూడలేక ఆరో నెలలో మానేస్తే పోయేది దాదాపు ఆర్నెల్ల జీతం.

మూడో అడుగు: ఇంటి లెక్క

ఇక్కడ ఎక్కువ సేపు కూర్చోండి. భార్యతోనో భర్తతోనో, పెళ్ళి కాకపోతే అమ్మతోనో కలిసి కూర్చోండి. ఎందుకంటే ఇంట్లో ఖర్చు మీకు తెలిసినదానికంటే ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది.

హైదరాబాద్‌లో చిన్న కుటుంబంతో ఉంటూ చేతికి 34 వేలు తెచ్చుకునే మనిషి లెక్క ఇట్లా ఉందనుకుందాం. కిరాయి, కరెంటు 9,000. కిరాణా, పాలు, కూరగాయలు, గ్యాస్ 8,000. బండి కిస్తీ 3,500. చిట్టీ 5,000. ఊళ్ళో అమ్మానాన్నల మందులకు 2,000. పెట్రోల్, ఫోన్ 2,500. పాప ఫీజు నెలకు పంచితే 2,000. మొత్తం 32,000. బ్యాంకులో 60 వేలు, ఫిక్స్‌డ్ డిపాజిట్ లక్ష. "అయిదు నెలలు లాగేస్తా" అంటాడు.

లాగలేడు. బండి ఇన్సూరెన్స్, దసరా బట్టలు, మేనమామ కూతురి పెళ్ళికి కట్నం చదివింపులు, పాప పుస్తకాలు, ఊరికి పోయిరావడం ఇందులో లేవు. ఏడాదికి ఒకసారి వచ్చే ఇలాంటివన్నీ కలిపితే 48 వేలు అనుకోండి, నెలకు 4,000. అంటే ఖర్చు 36,000. లక్షా అరవై వేలను 36 వేలతో భాగిస్తే నాలుగున్నర నెలలు కూడా రావు. పైగా అయిదో నెలలో చేతిలో పైసా లేకుండా ఇంటర్వ్యూకి కూర్చున్నవాడు జీతం ఎంత ఇస్తామన్నా తల ఊపుతాడు. అందుకే చివరి రెండు నెలల డబ్బు లేనట్టే లెక్క. మిగిలింది రెండున్నర నెలలు. ఇప్పటి మార్కెట్‌లో మూడు రౌండ్ల ఇంటర్వ్యూ, ఆఫర్, చేరే తేదీ, మొదటి జీతం పడే రోజు వరకు లెక్కేస్తే ఇది చాలదు. ఆరు నెలల ఖర్చు విడిగా ఉంటే తప్ప ఆఫర్ లేకుండా మానే ఆలోచన చేయొద్దని నేననేది ఇందుకే.

చిట్టీ సంగతి వేరుగా చూడాలి. ఎత్తని చిట్టీ అయితే అదొక పొదుపు, అవసరానికి పాడుకోవచ్చు. అప్పటికే ఎత్తేసిన చిట్టీ అయితే అది అప్పు, ఆపడానికి లేదు. హామీ సంతకం పెట్టినవాడు మీ బావమరిదే అయి ఉంటాడు కాబట్టి గొడవ ఇంట్లోకి వస్తుంది.

జూన్ నెలను కూడా గుర్తుపెట్టుకోండి. స్కూలు ఫీజులు, వానాకాలం విత్తనాలు, ఎరువులు అన్నీ ఒకేసారి మీద పడే నెల అది. జీతం లేని నెలల్లో జూన్ తగలకుండా చూసుకోండి. రెండెకరాలు ఉన్నాయి కదా అని ధీమాగా ఉండే వాళ్ళకు ఒక మాట: రైతు భరోసా ఎకరాకు ఏడాదికి 12 వేలు, రెండెకరాలకు 24 వేలు. అది పెట్టుబడికే సరిపోదు, నగరంలో కిరాయికి ఎక్కడ వస్తుంది? ఆ పొలంలో బోరు ఎండితే అదొక కొత్త ఖర్చు.

ఇంట్లో బంగారం ఉంటే దాన్ని ఈ లెక్కలో వేయకండి. కుదువ పెట్టాల్సిన రోజు వస్తే రావచ్చు గానీ, ప్లాన్‌లోనే పుస్తెలతాడు ఉంటే ఆ ప్లాన్ బాగాలేదని అర్థం.

హోమ్ లోన్‌కు అప్లై చేసి ఉంటే, అది చేతికి వచ్చేదాకా మానే మాట తలవకండి. బ్యాంకు ముందు చూసేది పే స్లిప్పులే.

నాలుగో అడుగు: మానేస్తే పోయేవి, ఆగితే వచ్చేవి

గ్రాట్యుటీ, అంటే మానేటప్పుడు కంపెనీ ఒకేసారి ఇచ్చే మొత్తం, అయిదేళ్ళ సర్వీసుకు వస్తుంది. చివరి బేసిక్, డీఏ కలిపి 18 వేలు ఉంటే, దాన్ని 15తో గుణించి 26తో భాగించి అయిదేళ్ళతో గుణిస్తే దాదాపు 51,900 రూపాయలు. నాలుగేళ్ళ నాలుగు నెలలు పూర్తయినవాళ్ళు కోపంలో మానేస్తే ఈ మొత్తం కంపెనీకి వదిలిపెట్టినట్టే. ఒక్కొక్కప్పుడు ఈ ఒక్క లెక్కే తేదీని నిర్ణయిస్తుంది. నిర్ణీత కాల ఒప్పందం మీద ఉన్నవాళ్ళకు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ అర్హత ఉంది. హెచ్‌ఆర్‌ని అడగండి.

పీఎఫ్ విషయంలో పెద్ద పొరపాటు, మానేసిన వెంటనే మొత్తం తీసి ఖర్చు పెట్టడం. నిరంతర సర్వీసు అయిదేళ్ళు దాటకుండా తీస్తే పన్ను పడుతుంది, 50 వేలు దాటితే పాన్ ఉన్నా 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోస్తారు. పింఛను అర్హతకు పదేళ్ళ సర్వీసు కావాలి. మధ్యలో పింఛను డబ్బు తీసుకుంటే ఆ లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. కొత్త ఉద్యోగంలో చేరగానే పాత ఖాతాను బదిలీ చేసుకుంటే సర్వీసు కలుస్తుంది. ఇంకోటి, ఉద్యోగం పోయాక 75 శాతం వెంటనే, మిగతా 25 శాతం 12 నెలల తర్వాత అన్న విధానానికి 2025 అక్టోబర్‌లో ఈపీఎఫ్‌ఓ కేంద్ర ట్రస్టీల బోర్డు ఆమోదం తెలిపింది. రెండు నెలలాగితే మొత్తం వస్తుందనే పాత లెక్క మీద ప్లాన్ వేయకండి.

మెడికల్ ఇన్సూరెన్స్ గురించి ఎవరూ ఆలోచించరు. కంపెనీ గ్రూప్ పాలసీ సాధారణంగా మీ చివరి పని దినంతో ఆగిపోతుంది. అందులో అమ్మానాన్నలు ఉంటే వాళ్ళకూ ఆగిపోతుంది. నాన్నకు షుగర్ ఉండి కొత్తగా సొంత పాలసీ తీసుకుంటే, ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ళ వరకు నిరీక్షణ కాలం పెట్టొచ్చు. అందుకని ఉద్యోగంలో ఉండగానే ఫ్యామిలీ పాలసీ మొదలుపెట్టండి, లేదా గ్రూప్ పాలసీ నుంచి అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో అడగండి. తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇంటికి ఆరోగ్యశ్రీ 10 లక్షల వరకు ఉంది. కార్డులో పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి, ఆస్పత్రి మెట్ల మీద కాదు.

బోనస్ ఏ నెలలో ఇస్తారో కనుక్కోండి. ఇరవై రోజుల తేడాతో దాన్ని పోగొట్టుకునేవాళ్ళు ప్రతి దసరాకూ ఉంటారు.

అయిదో అడుగు: మార్కెట్‌ను తడిమి చూడండి

మార్కెట్ బాగోలేదన్నది అందరికీ కలిపి చెప్పే మాట. మీ పనికి, మీ అనుభవానికి ఎట్లా ఉందో అప్లై చేస్తే తప్ప తెలియదు. ఉద్యోగంలో ఉండగానే ఒక నెల పాటు గట్టిగా అప్లై చేయండి, రాజీనామా పెట్టినట్టే అనుకుని. జవాబు వచ్చే తీరును బట్టి ఎక్కడ ఆగిపోతున్నారో తెలుస్తుంది. ముప్పై చోట్ల పెట్టినా ఒక్క ఫోనూ రాలేదంటే రెజ్యూమె మార్చాలి, లేదా మీ పనికి గిరాకీ తగ్గింది. ఫోన్లు వచ్చి మొదటి రౌండ్‌లోనే పోతే నైపుణ్యం చాలట్లేదు. చివరి దాకా వెళ్ళి ఆగిపోతే జీతం దగ్గరో నోటీస్ పీరియడ్ దగ్గరో ముడి ఉంది.

ఏ ఉద్యోగానికి ఏ కాలమో కూడా చూసుకోవాలి. ప్రైవేటు స్కూళ్ళు, జూనియర్ కాలేజీల్లో తీసుకునేది ఏప్రిల్ నుంచి జూన్ వరకే. నవంబర్‌లో మానేసిన టీచర్ వేసవి దాకా ట్యూషన్లు చెప్పుకోవాలి. మిర్యాలగూడ రైస్‌మిల్లుల్లో, పత్తి జిన్నింగ్ మిల్లుల్లో సీజన్‌ను బట్టి పని. నల్గొండలోనూ, మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలోనూ 2023లో ఐటీ టవర్లు ప్రారంభమయ్యాయి. ఇంటి దగ్గరే ఉద్యోగం దొరుకుతుందని చాలామంది ఆశపడ్డారు. వెళ్ళి అడగండి, తప్పు లేదు, కానీ భవనం ఉండటం వేరు, అందులో మీ పనికి సీటు ఉండటం వేరు. కొత్తూరు, షాద్‌నగర్, చౌటుప్పల్, చిట్యాల వైపు ఫ్యాక్టరీలు, హుజూర్‌నగర్ వైపు సిమెంట్ కంపెనీలు, దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ కేంద్రం చుట్టూ కాంట్రాక్టు పనులు కూడా జాబితాలో పెట్టుకోండి.

పోర్టళ్ళలో వంద అప్లికేషన్ల కంటే తెలిసినవాళ్ళ ఒక్క రిఫరల్ మేలు. మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో పాలమూరు యూనివర్సిటీలోనో మీ సీనియర్లు ఇప్పుడు ఏ కంపెనీల్లో ఉన్నారో చూసి, "అన్నా, మీ దగ్గర ఫలానా పోస్టు ఉంది, రెజ్యూమె పంపనా?" అని అడగండి. "ఏదైనా జాబ్ ఉంటే చూడన్నా" అని పెడితే ఎవరూ చూడరు. ఉద్యోగమిప్పిస్తామని ముందు డిపాజిట్ కట్టమన్న ప్రతివాడూ మోసగాడే. కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఆరో అడుగు: నోటీస్ పీరియడ్ ముడి

మీ కంపెనీ 90 రోజులు ఉండమంటుంది. తీసుకునే కంపెనీ వెంటనే చేరేవాళ్ళు కావాలంటుంది. ఈ రెంటి మధ్య నలిగి, ముందు రాజీనామా పెట్టేసి ఆ 90 రోజుల్లో ఆఫర్ వెతుక్కునే అలవాటు ఐటీ పిల్లల్లో మొదలైంది. గిరాకీ ఉన్న రోజుల్లో అది పనిచేసింది. ఇప్పుడు 80వ రోజు వచ్చినా ఆఫర్ లేకపోతే ఏం చేస్తారో చెప్పగలిగితేనే ఆ పని చేయండి.

దానికి ముందు మూడు విషయాలు తేల్చుకోండి. నోటీసుకు బదులు డబ్బు కట్టి పోవచ్చా? కడితే బేసిక్ మీదా, మొత్తం జీతం మీదా? మిగిలిన సెలవులను నోటీసులో సర్దుబాటు చేస్తారా? ఇవన్నీ అపాయింట్‌మెంట్ లెటర్‌లోనే ఉంటాయి. చేరినప్పుడు సంతకం పెట్టి బీరువాలో పెట్టిన ఆ కాగితాన్ని ఇప్పుడైనా చదవండి. 45 రోజులకు తగ్గించుకోగలిగితే కొత్త కంపెనీతో బేరం కుదురుతుంది, కొందరు ఆ డబ్బు వాళ్ళే భరిస్తారు.

బాండ్ రాసిచ్చి ఉంటే "అవన్నీ కోర్టులో చెల్లవు" అనే మాట నమ్మకండి. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో, మూడేళ్ళ లోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతును సుప్రీంకోర్టు సమర్థించింది. ప్రతి బాండూ చెల్లుతుందని దీని అర్థం కాదు, ప్రతిదీ చిత్తుకాగితమూ కాదు. జాయినింగ్ బోనస్‌తోనూ జాగ్రత్త. పాలమూరు నుంచి వలస పోయినవాళ్ళ పిల్లలకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు, మేస్త్రీ ముందిచ్చే అడ్వాన్సు లాంటిదే. ఏడాది లోపు వదిలితే వెనక్కి కట్టాలి.

కంపెనీయే పిలిచి "మీరే రాజీనామా ఇచ్చేయండి, రికార్డు బాగుంటుంది" అంటే ఆ గదిలో సంతకం పెట్టకండి. రెండు రోజుల టైమ్ అడగండి, ఎన్ని నెలల జీతం ఇస్తారో మెయిల్‌లో రాయమనండి. తొలగింపుకు చట్టంలో పరిహారం పొందే వీలు కొందరికైనా ఉంటుంది. స్వచ్ఛందంగా రాజీనామా చేసినట్టు కాగితం ఇస్తే దాన్ని అడిగే దారి మూసుకుపోతుంది. అనుమానముంటే జిల్లా కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్ళి అడగండి.

ఏడో అడుగు: గ్రూప్స్ కోసమో, సొంత దుకాణం కోసమో మానేవాళ్ళకు

కఠినంగా అనిపించినా చెప్పాలి. గ్రూప్-2 నోటిఫికేషన్ 783 పోస్టులకు 2022 డిసెంబర్‌లో వచ్చింది. వాయిదాల మీద వాయిదాలు పడి పరీక్ష 2024 డిసెంబర్‌లో జరిగింది. తుది ఫలితాలు వచ్చేసరికి 2025 సెప్టెంబర్. అప్లై చేసింది సుమారు అయిదున్నర లక్షల మంది. నోటిఫికేషన్ చూసి ఉద్యోగం మానేసి అశోక్‌నగర్‌లో గది తీసుకున్నవాళ్ళకు కిరాయి, మెస్సు, కోచింగ్ ఖర్చులు దాదాపు మూడేళ్ళ పాటు నడిచాయి. చదవొద్దని నేననను. పొద్దున రెండు గంటలు, ఆదివారం మొత్తం ఉద్యోగం చేస్తూ చదవండి. మాక్ టెస్టుల్లో నిలకడగా మార్కులు వస్తున్నాక, పరీక్ష తేదీ ఖాయమయ్యాక, ఆఖరి మూడు నెలలకు సెలవో రాజీనామానో ఆలోచించండి.

వ్యాపారమైతే, మానకముందే మొదటి గిరాకీ రావాలి. టిఫిన్ సెంటర్, మొబైల్ షాపు, ఫొటో స్టూడియో, ఏదైనా సరే, ఇంట్లో ఒకరి చేత మొదలుపెట్టించి మూడు నెలల అమ్మకాలు చూడండి. ముద్రా రుణాలు శిశు విభాగంలో 50 వేల వరకు, కిశోర్‌లో 5 లక్షల వరకు, తరుణ్‌లో 10 లక్షల వరకు ఉన్నాయి. రుణం దొరకడం వ్యాపారం నడుస్తుందనడానికి గుర్తు కాదు.

ఎనిమిదో అడుగు: ఇంట్లో చెప్పడం

"నౌకరీ ఎందుకు ఇడుస్తవ్ బిడ్డా, నెల తిరిగేసరికి జీతం పడతది గద" అని నాన్న అంటే కోపం తెచ్చుకోకండి. వానను నమ్ముకుని, బోరును నమ్ముకుని బతికినవాళ్ళకు ఒకటో తారీఖున పడే జీతమంటే ఏమిటో మనకంటే బాగా తెలుసు. ఆయనతో మనసు బాగోలేదన్న మాట కాకుండా, మూడో అడుగులో వేసిన లెక్క చెప్పండి. ఇన్ని నెలలకు డబ్బుంది, కిస్తీలు ఆగవు, ఫలానా తేదీ దాకా వెతుకుతాను. లెక్క విన్న నాన్నలు తగ్గుతారు.

పెళ్ళి సంబంధాలు చూస్తున్న పిల్లగాళ్ళకు ఇంకో చిక్కుంది. పిల్లనిచ్చేవాళ్ళు మొదట అడిగేది ఉద్యోగం గురించే. ఈ కారణంతో నచ్చని ఉద్యోగంలో ఏడాది ఉండటం తప్పేమీ కాదు. కానీ నిశ్చితార్థం దాకా ఉన్నానని చెప్పి, వెనక రాజీనామా పెట్టి దాచడం మాత్రం వద్దు.

తొమ్మిదో అడుగు: తేదీ రాసుకోండి

ఇప్పుడు మీ దగ్గర నాలుగు సంగతులున్నాయి: ఏది నచ్చట్లేదో, ఎన్ని నెలలు గడుస్తుందో, ఆగితే ఏం వస్తుందో, మార్కెట్ ఏమంటోందో. వీటితో ఒక తేదీ, రెండు షరతులు రాయండి. ఉదాహరణకు: "మార్చి 31. అప్పటికి గ్రాట్యుటీ అయిదేళ్ళు నిండుతాయి, బండి కిస్తీ అయిపోతుంది. ఆ లోపు ఇప్పటి జీతం కంటే 20 శాతం ఎక్కువ ఆఫర్ వస్తే ముందే వెళ్తా. రాకపోయినా, చేతిలో 2 లక్షల 16 వేలు ఉంటేనే ఏప్రిల్‌లో రాజీనామా." ఆ 2 లక్షల 16 వేలు పైన వేసిన నెల ఖర్చు 36 వేలకు ఆరు రెట్లు.

తేదీ వచ్చేసరికి షరతులు తీరకపోతే ఒక్కసారి మాత్రమే పొడిగించండి. రెండోసారి పొడిగించాలనిపిస్తే మొదటి అడుగులో రాసిన రెండు వారాల రాతలను మళ్ళీ చదవండి. చాలాసార్లు అప్పటికి చిరాకు తగ్గి ఉంటుంది, లేదా అసలు కారణం వేరని తెలుస్తుంది. తేదీ పెట్టుకున్నాక ఆఫీసులో ఎవరికీ చెప్పకండి, లంచ్‌లో పక్కన కూర్చునే దోస్తుకు కూడా.

ఆఖరున: కాగితాలు

ఆఫర్ లెటర్ సంతకంతో చేతికి వచ్చాకే రాజీనామా పంపండి. ఫోన్‌లో "సెలెక్ట్ అయ్యారు" అన్న మాటకు విలువ లేదు. కొత్త కంపెనీ పీఎఫ్ సక్రమంగా కడుతోందా అని ఈపీఎఫ్‌ఓ వెబ్‌సైట్‌లో సంస్థ పేరు కొట్టి చూసుకోవచ్చు.

రాజీనామా మెయిల్ మూడు వాక్యాలు చాలు: వ్యక్తిగత కారణాల వల్ల రాజీనామా చేస్తున్నాను, నోటీస్ ఈ రోజు నుంచి మొదలై చివరి పని దినం ఫలానా తేదీ అవుతుంది, పని అప్పగింతకు సహకరిస్తాను. సూపర్‌వైజర్ మీద కోపం అందులో రాస్తే అది ఫైల్‌లో ఉండిపోతుంది. కొత్త కంపెనీ వాకబు చేసేది ఆ ఫైల్ చూసేవాళ్ళనే.

చివరి రోజుకు ముందే పే స్లిప్పులన్నీ, అపాయింట్‌మెంట్ లెటర్, హైక్ లెటర్లు సొంత మెయిల్‌కు తెచ్చుకోండి. కంపెనీ డేటా మాత్రం ఒక్క ఫైల్ కూడా వద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి ఉంటే, కొన్ని ప్రైవేటు కాలేజీలు ఇంకా తీసుకుంటున్నాయి, నోటీస్ ఇచ్చిన రోజే రాతపూర్వకంగా అడగండి. రిలీవింగ్ లెటర్, అనుభవ పత్రం, ఫుల్ అండ్ ఫైనల్ లెక్క తీసుకోండి. వేతన కోడ్ ప్రకారం రాజీనామా చేసినవాళ్ళకు రావాల్సిన వేతనం రెండు పని దినాల్లో ఇవ్వాలి, గ్రాట్యుటీకి 30 రోజుల గడువు. ఆలస్యమైతే ఆ నిబంధన గుర్తుచేస్తూ మెయిల్ పెట్టండి.

యూఏఎన్‌లో పాత కంపెనీ మీరు మానేసిన తేదీ వేసిందో లేదో చూడండి. వేయకపోతే ఆఖరి చందా పడిన రెండు నెలల తర్వాత మీరే వేసుకోవచ్చు. కొత్త కంపెనీలో చేరిన వారంలోనే ఈ ఏడాది పాత కంపెనీలో వచ్చిన జీతం, కోసిన పన్ను వివరాలు రాతపూర్వకంగా ఇచ్చేయండి. ఇవ్వకపోతే రెండు చోట్లా మినహాయింపులు విడివిడిగా లెక్కేసి, జులైలో రిటర్న్ వేసేటప్పుడు పన్ను ఒకేసారి కట్టమంటారు.